సారంగపాణి సేటు సంకలనం

మా కాలేజీలో నాకు అప్పజెప్పిన పనులన్నిటిలోకీ నన్ను ఎక్కువగా ఏడిపించింది గద్య సంకలనం. డిగ్రీ పిల్లల పాఠ్యపుస్తకం అది. పాత పుస్తకాల్లోంచి మంచి ఘట్టాలు ఏరి ఇరవై పాఠాలుగా కూర్చాలి. కమిటీలో ఏడుగురం. ఒకాయన తన గురువుగారి వ్యాసం పెట్టాలంటాడు. ఇంకొకాయన మొహమాటం కూడా లేకుండా తన వ్యాసమే పెట్టమంటాడు. మిగతావాళ్ళకు సంకలనమంటే కత్తెర, జిగురు, టీ బిస్కెట్లు. "సంకలనమంటే పోగెయ్యడం కాదండీ, ఏది వదిలెయ్యాలో తెలియడం" అని మొదటి మీటింగులోనే చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదాను. ఇరవై రెండేళ్ళుగా తెలుగు చెబుతున్నదాన్ని. ఆ మాటకు నాకంటే బాగా అర్థం తెలిసినవాళ్ళు వరంగల్లులో లేరని నా గట్టి నమ్మకం.

ఆ నమ్మకాన్ని తీసేసింది బీట్ బజారులో కిరాణా దుకాణం నడిపే సారంగపాణి సేటు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆయనే ఒకరోజు, "రాసుకుంటే రాసుకోన్రి మేడం, ఇగ నాకు దాసేది లేదు" అన్నాడు. అందుకని రాస్తున్నాను.

మట్టెవాడలో మా అత్తగారి ఇల్లు ఉంది. ఆమె పోయాక రెండేళ్ళు తాళం వేసి ఉంచి, మొన్న ఫిబ్రవరిలో సున్నం వేయిద్దామని తెరిచాం. వంటింటి చెక్క అల్మారా అరల్లో పరిచిన పాత కాగితాలన్నీ లాగి పారేస్తున్నాను. న్యూస్‌పేపర్లు, క్యాలెండర్లు, పెళ్ళి కార్డులు. అన్నిటికంటే కింది అరలో ఒక్క కాగితం మాత్రం చేతిరాత. నీలం ఇంకు. అంచులు పసుపెక్కాయి గాని అక్షరం చెదరలేదు. పై మూలన "సంకలనం – 3" అని ఉంది. ముఖం దగ్గరికి తెచ్చుకుంటే ధనియాల వాసన, ఇప్పుడే వేయించి దించినట్టు. ఆ వంటింట్లో రెండేళ్ళుగా పొయ్యి వెలగలేదు.

కాగితం మీద ఇలా ఉంది:

"వాన వెలిసిన తరువాత కూడా చూరు కొంతసేపు కారుతూనే ఉంటుంది. ఆ చప్పుడు విని ఇంట్లోవాళ్ళు ఇంకా వాన పడుతోందనుకుంటారు. ఇల్లు విడిచి వెళ్ళినవాళ్ళూ అంతే. వాళ్ళు వెళ్ళిపోయారన్న సంగతి ఇంటికి ఆలస్యంగా తెలుస్తుంది."

నాకు ప్రాణం లేచొచ్చింది. నా సంకలనానికి మొదటి పాఠం దొరికిందనుకున్నాను. కాని ఇది ఏ పుస్తకంలోది? తెలిసిన పండితులకు ఫోన్లు చేశాను. ఒక్కరికీ తెలియదు. తెలియదని ఒప్పుకున్నవాళ్ళూ లేరనుకోండి.

మర్నాడు హసన్‌పర్తిలో మా కాలేజీ వరండాలో నిలబడి ఆ కాగితాన్ని మళ్ళీ చదువుతున్నాను. పక్కన మెట్ల మీద కూర్చున్న కుర్రాడొకడు తల ఎత్తి అన్నాడు.

"అది బీట్ బజార్ల సారంగపాణి సేటుకు ఇయ్యాలె మేడం. ఆయనదే."

పంతొమ్మిదేళ్ళుంటాయి. గళ్ళ చొక్కా, చేతులు మోచేతుల దాకా మడిచాడు. జేబు అడుగున నీలం మరక. ఈ కాలంలో ఇంకు పెన్ను వాడే పిల్లవాడున్నాడే అని ముచ్చటేసింది. ఏ గ్రూపు అని అడగబోతుంటే బెల్లు మోగింది, పిల్లలంతా బయటపడ్డారు. గుంపులో మళ్ళీ కనిపించలేదు.

సాయంత్రం బీట్ బజారుకు వెళ్ళాను. ఆ సందులోకి అడుగు పెడితే మిరపకాయల ఘాటుకు మొదట తుమ్ముతాం, తరువాతే ఏదైనా కొంటాం. సారంగపాణి సేటు దుకాణం సందు మధ్యలో ఉంది. కరెంటు కాంటా పెట్టాడు గాని పాత తక్కెడ తీసెయ్యలేదు. ప్లాస్టిక్ కవర్లు వేలాడుతూనే ఉంటాయి, అయినా జీలకర్ర, లవంగాల వంటి చిన్న సరుకులకు ఇప్పటికీ కాగితం పొట్లమే కడతాడు. దారం రెండు చుట్లు తిప్పి, కొసను ఎడమ బొటనవేలితో లోపలికి తోసి బిగిస్తాడు. ఆ ముడి విప్పడం ఆయనకు తప్ప ఎవరికీ చేతకాదని బజారంతా నవ్వుకుంటారు. ఆడవాళ్ళు ఇంటికెళ్ళి కత్తిపీట మీద కోసుకోవలసిందే.

నేను సంచీలోంచి కాగితం తీశాను. ఇంకా మడత విప్పలేదు. ఆయన చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"మూడోదా?" అన్నాడు.

తల ఊపాను.

"ఎవలు చెప్పిన్రు మీకు, నాకు తెచ్చియ్యమని?"

"మా స్టూడెంట్ అనుకుంటా. గళ్ళ చొక్కా వేసుకున్నాడు."

ఆయన కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు, ప్రసాదం తీసుకున్నట్టు. దుకాణం వెనకే ఇల్లు. లోపలికి రమ్మని, పాత బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి దించాడు. మూత తీయగానే ఒక్కసారిగా ఇంగువ, పసుపు, కర్పూరం, ఎండుకొబ్బరి, ఎన్నో వాసనలు. లోపల అదే చేతిరాతతో కాగితాల కట్ట. నా కాగితాన్ని అన్నిటికీ పైన పెట్టాడు.

"నలభై ఎనిమిది కాయితాల బుక్కు మేడం. నలభై ఎనిమిదోది మొదలు వచ్చింది. మల్ల నలభై ఏడు. గట్లనే ఎనకకు ఎనకకు వచ్చుకుంట, గిప్పుడు మూడు."

ఆయన భార్య నిర్మల చాయ్ తెచ్చి ఇచ్చింది. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తురాలు. ఆమె నా వైపు చూడకుండా అంది:

"తెచ్చినోళ్ళందరు గదే చెప్తరు మేడం. గళ్ళ అంగి పిలగాడు చెప్పిండని. ఒకామెకు బస్సుల కనబడ్డడట. ఒకాయనకు దవాఖాన్ల కనబడ్డడట. నేను ఈ ఇంటికి వచ్చి ముప్పై ఏండ్లు. ఆ పిలగానికి వయసు పెరుగుతలేదు."

చాయ్ గ్లాసు నా చేతిలో చల్లారిపోయింది. నేను దయ్యాల కథలు నమ్మేదాన్ని కాను, క్లాసులో పిల్లలు నమ్మితే నాలుగు చీవాట్లు పెట్టేదాన్ని. ఆ రోజు మాత్రం లేచి వెళ్ళిపోవాలని కాళ్ళు తొందర పెట్టాయి. కుతూహలం కూర్చోబెట్టింది.

ఆయన చెప్పిన సంగతి ఇది. తండ్రి పోయేనాటికి సారంగపాణికి పదమూడేళ్ళు. బడి మానేసి తక్కెడ పట్టుకున్నాడు. తమ్ముడు రమాకాంత్ అయిదేళ్ళు చిన్న. వాడినైనా చదివించాలని తల్లి పట్టు, అన్న పట్టు. రమాకాంత్ హనుమకొండలో డిగ్రీలో చేరాడు. చేరి, పాఠాల కంటే లైబ్రరీలో ఎక్కువ చదివాడు. నచ్చిన పేజీలను ఒక నోటుబుక్కులోకి ఎత్తి రాసుకునేవాడు. ప్రతి కాగితం మూలనా సంకలనం అని, కింద అంకె. ఆ బుక్కును దుకాణంలో తక్కెడ కింద పెట్టేవాడు. 1990లో ఒక శనివారం పొట్లాల కాగితం అయిపోయింది.

"సంత గిరాకి మేడం. చేతికి ఏది దొరికితే అది చింపుకుంట పోయిన. తమ్ముని బుక్కని సూడలే. పొద్దుమీకి సూస్తే అట్టలు రెండే మిగిలినయి. వాడు గా దినమే ఇల్లిడిచి పోయిండు. ఇగ రాలే."

ఒక్క పూటలో ఆ పుస్తకం ఊరంతా చెదిరిపోయింది. ధనియాలు చుట్టుకుని మా అత్తగారింటికి ఒక కాగితం, ఇంగువ చుట్టుకుని ఇంకొకరింటికి ఇంకొకటి. కిరాణా దుకాణంలో తప్ప ఇంకెక్కడా జరగని పొరపాటు అది. రెండేళ్ళ తరువాత ఎవరో ముసలాయన నలభై ఎనిమిదో కాగితం తెచ్చి ఇచ్చాడు. అప్పటినుంచి ఒక్కొక్కటే వస్తున్నాయి. సారంగపాణి ఎవరినీ అడగలేదు, ఎక్కడా వెతకలేదు. వచ్చినవాటిని డబ్బాలో పెట్టడమే.

"చదువుతుంటారా?" అన్నాను.

"ఒక్కటి గుడ సదవలే. నాకేం హక్కు?" అని, డబ్బా మూత పెడుతూ అడిగాడు. "మేడం, మీకు తెలుగు ఎరుకే కదా. సంకలనం అంటే ఏంది?"

ముప్పై నాలుగేళ్ళుగా ఆ మాటను చూస్తూ ఒక్కరినీ అర్థం అడగలేదు ఈ మనిషి. దొంగకు తేలు కుట్టినట్టు ఎందుకిలా నోరు మూసుకున్నాడో నాకు అప్పుడు తోచలేదు. నేను మాత్రం ఉత్సాహంగా చెప్పాను. వేరువేరు పుస్తకాల్లో ఉన్న మంచి మాటలను ఏరి, ఒకచోట, ఒక వరుసలో కూర్చడం. పాఠ్యపుస్తకాలకు వాడతాం, కథల సంపుటాలకు వాడతాం. ఏరేవాడి అభిరుచి మీద దాని విలువ ఉంటుంది. కమిటీలో ఎవరూ విననిదంతా ఆయనకు వినిపించాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "ఎవల కోసం ఏరుతరు?" అన్నాడు.

పిల్లల కోసం అనబోయాను. కాని మా కమిటీ ఏ ఒక్క మీటింగులోనూ పిల్లల మాట ఎత్తలేదన్న సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. చాయ్ బాగుందని చెప్పి లేచాను.

ఆ తరువాత మూడో నెలలో నిర్మల ఫోన్ చేసింది. రెండో కాగితం వచ్చిందట. మడికొండలో కొత్త ఇల్లు కట్టుకున్న ఒక ఇంజనీరు, వాళ్ళ అమ్మమ్మ పెట్టెలో కుంకుమ భరిణె కింద దొరికిందని కారులో తెచ్చి ఇచ్చాడు. ఎవరు చెప్పారని ఆమె అడగనే లేదు. గళ్ళ చొక్కా కుర్రాడి సంగతి అతనే చెప్పాడు.

"గది వచ్చిన కాన్నించి ఆయన అన్నం ముడుతలేడు మేడం. నాతోని మాట్లాడుతలేడు. నాకు ఫికరయితాంది, జర రాన్రి."

వెళ్ళేసరికి ఆయన దుకాణంలోనే ఉన్నాడు. కాంటా ముందు కూర్చుని వీధిలోకి చూస్తున్నాడు. గిరాకీ వచ్చినా లేవడం లేదు. రెండో కాగితం ఒళ్ళో ఉంది. నేను అడగకుండానే నా చేతికిచ్చాడు.

"సదవన్రి."

కాగితానికి కర్పూరం వాసన. నేను పైకి చదివాను.

"దారి తప్పినవాడిని వెతకబోయేవాళ్ళు దీపాలు పట్టుకెళ్తారు. తప్పిపోయినవాడికి కావలసింది వెలుతురు కాదు. తనను పేరు పెట్టి పిలిచే గొంతు. ఆ గొంతు వినబడనంతసేపూ వాడు ఊరి చుట్టే తిరుగుతుంటాడు, ఊళ్ళోకి రాడు."

నిర్మల తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"నేను మీకు అబద్ధం చెప్పిన," అన్నాడు సారంగపాణి. "ఈమెకు గుడ గదే చెప్పిన. మా అమ్మకు గదే చెప్పిన. సూడలేదన్నది అబద్ధం. సూసే చింపిన."

ఆ శనివారం ఉదయం రమాకాంత్ ఫలితాలు వచ్చాయి. రెండు సబ్జెక్టుల్లో తప్పాడు. తాను తెల్లవారితే తక్కెడ ముందు కూర్చుని, బస్తాలు మోసి చదివిస్తుంటే, వాడు కథలు ఎత్తి రాసుకుంటూ కూర్చున్నాడని ఆయనకు కడుపు మండింది. గల్లా ముందు కాగితాల దొంతర నిండుగానే ఉంది, అయిపోలేదు. దాన్ని పక్కకు జరిపి, తక్కెడ కింది బుక్కు తీశాడు. మొదటి కాగితం చింపే సమయానికి రమాకాంత్ దుకాణం మెట్ల మీదే ఉన్నాడు.

"వాడు సూస్తనే ఉన్నడు. గా కాయితంల పుట్నాలు పోసి, పుడ కట్టి, వాని చేతుల పెట్టిన. ఇగో, నీ పుస్తకానికి ఉపయోగం గిది అన్న. వాడు ఏమనలే. పుడను అంగి జేబుల పెట్టుకోని దిగి పోయిండు. వాడు పోయినంక మిగిలినయి చింపిన, రాత్రి దాక. అమ్మ వాణ్ణి వెతుకు బిడ్డా అని ఏడ్సింది. ఆకలైతే వాడే వస్తడు తియ్యి అన్న. అమ్మ ఎనిమిదేండ్లు ఎదురుసూసి పోయింది. ఆనాటి నుంచి నా నోట వాని పేరు రాలే మేడం. ఎట్ల వస్తది?"

నాకప్పుడు అర్థమైంది ఆయన ఎందుకు తినడం లేదో. నలభై ఏడు కాగితాలూ ఊళ్ళో ఇంటింటికీ పోయినవి, ఇంటింటి నుంచీ తిరిగొచ్చాయి. మొదటిది మాత్రం ఏ ఇంటికీ పోలేదు. అది రమాకాంత్ జేబులో పోయింది. ఇక రావలసింది అదొక్కటే. అది వచ్చిందంటే, తమ్ముడు ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో తెలిసిపోతుంది. అది రావాలని, రాకూడదని, రెండూ ఆయన కోరుకుంటున్నాడు.

ఆ మనిషి మీద నాకు జాలి కలగలేదు ఆ పూట. కోపం వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా పుస్తకాల మధ్య బతుకుతున్నదాన్ని, ఒక పిల్లవాడు చేత్తో రాసుకున్న పుస్తకాన్ని వాడి కళ్ళ ముందే చింపాడంటే నేను ఓర్చుకోలేకపోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నావని మొహం మీదే అనేశాను. ఆయన తల ఊపాడు. నిర్మల నన్ను మెట్ల దాకా దిగబెట్టి, "మీరన్నది మంచిగైంది మేడం. ఆయనను ఇన్నేండ్లల్ల ఎవలు తిట్టలే. తిట్టుడు కోసమే ఎదురుసూస్తాండు" అంది.

అయినా రోజూ వెళ్ళాను. కాలేజీ నుంచి వస్తూ దిగేదాన్ని. ఆయన మజ్జిగ తాగి బతుకుతున్నాడు. రెండో కాగితం వచ్చిన పదకొండో రోజు, సోమవారం, నేను మెట్లు ఎక్కుతుంటే నా వెనకే ఒక ముసలామె ఎక్కింది. చేతికర్ర, నెత్తిన కొంగు, చంకలో గుడ్డసంచి.

"సారంగపాణి సేటు దుకాణం గిదేనా బిడ్డా?" అంది.

ఆమె పేరు చిలుకమ్మ. నెక్కొండ నుంచి ప్యాసింజర్ రైల్లో వచ్చింది. భర్త ఎల్లస్వామి రైలుపట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేసి రిటైరై, ఆ మధ్యే పోయాడు. మంచినీళ్ళు తాగి, దుకాణం అరుగు మీద కూలబడి, సంచిలోంచి ఒక పొట్లం తీసి తక్కెడ పళ్ళెంలో పెట్టింది.

చిన్న పొట్లం. దారం రెండు చుట్లు. కొస ఎడమ వైపు లోపలికి తోసి ఉంది. సారంగపాణి చెయ్యి దాని దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ ముడి ఎవరిదో నాక్కూడా తెలుసు. దాన్ని ఎవరూ విప్పలేదు.

"ముప్పై నాలుగేండ్ల కింద సంగతి బిడ్డా," అంది చిలుకమ్మ. "తెల్లారగట్ల మా ఆయన డ్యూటీకి పోయి పట్టాల పక్కన ఒక పిలగాన్ని సూసిండు. పానం లేదు. రైల్లకెళ్ళి పడ్డడో, దుంకిండో, ఎవలకు ఎరుక? పోలీసులు ఫొటో తీసుకపోయిన్రు. ఎవలు రాలే. మా ఊరోళ్ళే రైలు కట్ట పక్కన మన్ను చేసిన్రు. అంగి జేబుల గీ పుడ ఉండె. సచ్చినోని తిండి, పారేస్తే ఉసురు తాకుతదని మా ఆయన ఇంటికి తెచ్చి దూలం సందున పెట్టిండు. ఎలుక ముట్టలే. పురుగు పట్టలే. నాకైతే యాదికి గుడ లేదు."

"మరి ఇక్కడికని ఎట్ల తెలిసింది అవ్వా?" అంది నిర్మల.

"నిన్న పొద్దుగాల వాకిలి ఊడుస్తాంటే ఒక పిలగాడు అచ్చి నిలవడ్డడు. గళ్ళ అంగి. దూలం సందున పుడ ఉంటది, బీట్ బజార్ల మా అన్నకు ఇచ్చిరా అవ్వా, అన్నడు. ఎవలు బిడ్డా నువ్వంటే చెప్పలే. మా అన్న పది దినాల నుంచి తింటలేడు, జల్ది తీస్కపో అన్నడు."

సారంగపాణి పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో కొసను వెనక్కి లాగాడు. ముడి విడిపోయింది. పుట్నాలు పళ్ళెంలో పడి గలగలమన్నాయి. పచ్చగా మెరుస్తూ, కమ్మగా వాసన వేస్తున్నాయి. భట్టీలోంచి అప్పుడే తీసినట్టు పళ్ళెం వెచ్చబడింది, నేను చెయ్యి పెట్టి చూశాను.

కాగితం మడతలు సాపు చేసి ఆయన నాకు అందించాడు. కళ్ళు కనిపించడం లేదన్నాడు. నేను చదివాను.

"సంకలనం – 1. అర్థం: ఎక్కడెక్కడో చెదిరి ఉన్న మంచి మాటలను ఏరి ఒకచోట కూర్చడం.

"ఉపయోగం: నేను చదువుకోవాలని మా అన్న పదమూడో ఏట బడి మానేసి తక్కెడ పట్టుకున్నాడు. ఆయనకు పుస్తకాలు చదివే తీరిక ఎన్నడూ ఉండదు. అందుకని నేను చదివే ప్రతి పుస్తకంలోంచీ ఒక్క పేజీ ఆయన కోసం ఎత్తి రాస్తున్నాను. ఆదివారం దుకాణం బందు. వారానికి ఒక్కటి నేనే చదివి వినిపిస్తాను. ఇది అన్న పుస్తకం. అందుకే తక్కెడ కింద పెడుతున్నాను. – రమాకాంత్."

ఎవల కోసం ఏరుతరు అని ఆయన నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు ముప్పై నాలుగేళ్ళుగా నెక్కొండలో ఒక దూలం సందులో ఉంది. ఆయన చింపింది తమ్ముడి పుస్తకం కాదు, తన పుస్తకం. నేను ఏడ్చాను. సిగ్గుపడకుండా, నడి బజారులో, గిరాకీవాళ్ళ ముందే ఏడ్చాను. ఆయన ఏడవలేదు. ఒక్కొక్క పుట్నం తీసి నోట్లో వేసుకుని నమిలాడు. పది రోజుల తరువాత మొదటిసారి ఆయన దవడ కదలడం చూసి నిర్మల కళ్ళు తుడుచుకుంది. పళ్ళెం ఖాళీ అయ్యాక ఆయన లేచి దుకాణం మెట్ల మీదికి వెళ్ళాడు. వీధి రెండు కొసలకూ చూశాడు.

"రమాకాంతూ," అని పిలిచాడు. గట్టిగా కాదు. అన్నానికి పిలిచినట్టు పిలిచాడు.

లారీ దగ్గర బస్తాలు దింపుతున్న హమాలీలు తిరిగి చూశారు. అంతకంటే ఏమీ జరగలేదు.

మర్నాడు భార్యాభర్తలిద్దరూ చిలుకమ్మతో నెక్కొండ వెళ్ళి, కట్ట పక్కన ఆమె చూపించిన చోట దీపం పెట్టి వచ్చారు. నలభై ఎనిమిది కాగితాలనూ సారంగపాణి వరుసగా పేర్చి, దారంతో కుట్టి, తక్కెడ కింద పెట్టాడు. కథ అంతటితో అయిపోయిందనుకున్నాను. నేను నా కమిటీ మీటింగులకు వెళ్ళి, పాఠాలు ఏరేముందు ఎవరి కోసమో ఒక్క నిమిషం ఆలోచించండని అడిగి, అందరితో మాటలు పడ్డాను. మూడో కాగితంలోని వాన మాట నా సంకలనంలో పెట్టలేదు. అది ఏరినవాడు వేరొకరి కోసం ఏరాడు.

నిర్మల మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి ఆమె గొంతులో భయమో మరేదో పోల్చుకోలేకపోయాను.

"ఐతారం మధ్యాహ్నం రాన్రి మేడం. నేను చెప్తే నమ్మరు."

ఆదివారం బీట్ బజారు మూగగా ఉంటుంది. అన్ని షట్టర్లూ దించి ఉన్నాయి. మిరప ఘాటు కూడా పలచబడింది. సారంగపాణి దుకాణం షట్టరు మోకాలెత్తు వదిలి దించి ఉంది. నిర్మల బయట అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన చోటు చూపించింది. కూర్చున్నాను.

లోపల ఎవరో చదువుతున్నారు. ఎక్కడా తడబడకుండా, ఆగవలసిన చోట ఆగుతూ, లేత గొంతు. మెట్ల మీద నాతో మాట్లాడిన గొంతే అది, నేను పోల్చుకున్నాను.

"మా ఆయనకు కూడబలుక్కోని సదువుడు తప్ప రాదు," అంది నిర్మల చిన్నగా. "ఆరు ఐతారాల నుంచి గిట్లనే అయితాంది. నేను షట్టరు లేపలే మేడం. లేపబుద్ధి కాలే."

నాకూ బుద్ధి కాలేదు. షట్టరు కింది సందులోంచి సారంగపాణి కాళ్ళు కనిపిస్తున్నాయి, బాసింపట్టు వేసుకుని ఉన్నాయి. ఆయన ఎదురుగా నేల మీద మరే కాళ్ళూ లేవు. ఎండ పడి గచ్చు మెరుస్తోంది, అంతే. చదవడం పూర్తయింది. కాగితం తిప్పిన చప్పుడు వినబడింది.

"ఇంకొక్కటి సదువు తమ్మీ," అంది సారంగపాణి గొంతు.

"వారానికి ఒక్కటే అన్నా," అంది ఆ లేత గొంతు. "జల్ది చదివితే అయిపోతయి."